రాత్రి ఏం కూర?

మీ పిల్ల పరుగు సాధన చేస్తూ మైదానం అంచున వంగి వాంతి చేసుకుంటుంటే మీరేం చేస్తారు? నిజం చెప్పండి. వెళ్ళి తల పట్టుకుంటారా, లేక పక్కవాళ్ళకి చూపించి "చూశారా, ఎంత కష్టపడుతుందో" అని మురిసిపోతారా?

మొన్న నందిగామలో నేను చూసిన తండ్రి మురిసిపోయాడు. శిక్షకుడు ఈల వేస్తూనే ఉన్నాడు. పిల్ల మూతి తుడుచుకుని మళ్ళీ గీత దగ్గరికి వెళ్ళింది. "రోజూ ఇంతేనండి, ప్రాణం పెట్టేస్తుంది" అన్నాడు తండ్రి. "పెట్టడానికి ఆ పిల్లకి ఉన్న ప్రాణమెంత?" అని అడిగాను. ఈ ముసలాయనెవరన్నట్టు చూసి పక్కకి జరిగాడు.

ఆ కోపంతోనే జగ్గయ్యపేట బస్సెక్కాను. చిల్లకల్లు దగ్గర ఎక్కిన ఒకామె నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చుంది. ఒకప్పుడు మా ఊరి ఆడపిల్లల బడిలో చదివిన మనిషి. "డ్రిల్లు టీచర్ పోయారు మాస్టారూ. రేపు పొద్దున తీసుకెళ్తారంట" అంది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే ఫొటో కట్టించి, దండ వేసి, గోడకి తగిలించి మరిచిపోతాం. మనకి బాగా చేతనైన పని అది. నాకు ఆవిడ పద్ధతి కావాలి, అది మీ ఇంట్లో దూరాలి.

డెబ్బైల నడుమ నేను జగ్గయ్యపేటలో మగపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. ఆవిడ ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. పొట్టి మనిషి, కాస్త లావు. కుచ్చిళ్ళు చీలమండల పైకి ఎగదోపి, కింద తెల్ల కాన్వాసు బూట్లు వేసేది. ఆడవాళ్ళ సైకిలొకటి ఉండేది. ఆడమనిషి సైకిలెక్కడమే మా ఊరికి వింత అయితే, ఆవిడ తొక్కే తీరు ఇంకో వింత. మనిషి నడక కన్నా రవ్వంత వేగం, అంతే. ముందు చక్రం అటూ ఇటూ వణికేది గానీ ఏనాడూ పడలేదు.

తెల్లవారుతూనే పెనుగంచిప్రోలు వైపు పోయే రోడ్డు మీద ఆ సైకిలు, దాని చుట్టూ ఓణీలు నడుముకి బిగించిన పిల్లల గుంపు. నేను అటు నడకకి వెళ్తే చెవిన పడే మాటలివి.

"రాత్రి ఏం కూరే నీది?"

"దొండకాయ వేపుడు టీచర్."

"ఎట్టా చేసింది మీ అమ్మ?"

"నిలువుగా తరిగి, నూనెలో మగ్గబెట్టి, ఎల్లుల్లి కారం చల్లిందండీ. మా తమ్ముడే సగం తినేశాడు."

"నీకేమన్నా మిగిల్చాడా?"

"గిన్నె నాకేశా టీచర్."

గుంపంతా నవ్వు. కాళ్ళు మాత్రం ఆగేవి కావు. సైకిలు ఇంకో పిల్ల పక్కకి జరిగేది. మళ్ళీ అదే ప్రశ్న.

టీ కొట్టు దగ్గర బల్లమీద కూర్చున్నవాళ్ళకి అదొక రోజువారీ తమాషా. "ఏంటి టీచరుగారూ, పరుగా, పేరంటమా?" అని ఒకాయన అరిచేవాడు. "పేరంటమేనండీ, మీ పిల్లని కూడా పంపండి, తాంబూలం ఇస్తాం" అని ఆవిడ తల తిప్పకుండానే జవాబిచ్చేది. కొన్నాళ్ళకి ఆయన పిల్ల కూడా గుంపులో కనబడింది.

ఆ ప్రశ్న వెనక ఉన్న కట్టుబాటు నాకు తర్వాత తెలిసింది. కూర పేరు ఒక్కటీ చెబితే చాలదు. ఎలా వండారో పూర్తి వాక్యాల్లో రావాలి. మధ్యలో ఎవరికైనా ఊపిరి తెగిందా, టీచరు "నడవండే" అనేది. ఆ ఒక్క పిల్ల కాదు, అందరూ నడవాలి. అందుకని ఎవరివల్ల ఆగామన్న మాట పైకి వచ్చేది కాదు. కాసేపటికి మళ్ళీ పరుగు, మళ్ళీ కూరలు.

"ఇట్టా కబుర్లాడుతూ పరిగెత్తితే దమ్ము ఎక్కణ్ణించి వస్తుందండీ?" అని నేనొకసారి అడిగాను.

"ఇట్టా పరిగెత్తితేనే వస్తుంది మాస్టారూ. కష్టం ఒంటికి దెబ్బ. దెబ్బ తగిలిన చోట ఒళ్ళు మళ్ళీ కట్టుకోవాలి. కట్టుకునేలోపే ఇంకో దెబ్బ కొడితే ఏమవుద్ది? అట్టాగని అసలు కొట్టకపోతే కట్టుకోవాల్సిన పనే పడదు."

అసలు కొట్టకపోవడమా! ఆవిడ కొట్టే రోజు చూసినవాళ్ళు ఆవిడ మెత్తని మనిషని ఎన్నడూ అనరు. వారంలో ఒకటో రెండో పొద్దులు గుంపు ధనంబోడుకి వెళ్ళేది. ఊరికి ఆనుకుని ఉన్న ఆ దిబ్బ మీద ఒకప్పుడు బౌద్ధ భిక్షువులుండేవారు. ఒళ్ళు మాడ్చుకుంటే జ్ఞానం రాదని తెలుసుకున్న బోధకుడి మనుషులు. ఆ ఎక్కుడు కొసన ఆవిడ కొంగు బిగించి నిలబడి, "ఇవాళ కూరల్లేవే" అనేది. ఆ మాటతో పిల్లల మొహాలు మారిపోయేవి. కింద నుంచి పైకి ఒకటే ఉరుకు, నడుచుకుంటూ దిగడం, మళ్ళీ ఉరుకు. పైకొచ్చిన పిల్ల ఏదో చెప్పబోతే "మాట వస్తుందంటే ఇంకా ఉంది నీలో, పద కిందకి" అనేది. ఈల ఉండేది కాదు, అరచేతులు చరిచేది. దూరానికి కొరడా మోగినట్టు వినబడేది. ఇక చాలని ఆవిడకి అనిపించిన మరుక్షణం ఆపేసేది. ఇంకొక్కసారి ఎక్కుతామని పిల్లలు బతిమాలినా ఒప్పుకునేది కాదు.

"మనవాళ్ళకి అలవాటైంది మధ్యరకం మాస్టారూ" అందొకసారి. "తేలిగ్గా పోవాల్సిన రోజు రొప్పుతారు. రొప్పాల్సిన రోజుకి ఓపిక ఉండదు. రెండూ చెడి, రోజూ ఉడికీ ఉడకని అన్నం."

నేను అప్పట్లో శనివారం సాయంత్రాలు రీడింగు రూములో చర్చాసభ నడిపేవాణ్ణి. దేవుడు, కర్మ, ముహూర్తాలు, మొక్కులు. ఊళ్ళో చాలామందికి నామీద కోపం, కొద్దిమందికి ఇష్టం. ఆవిడ రెండూ కాదు. ఆదివారం క్రమం తప్పకుండా చర్చికి వెళ్ళేది. ఆదివారం ఆవిడ పిల్లలకి పరుగు లేదు, నడక కూడా లేదు. సృష్టి చేసి దేవుడు అలిసిపోయాడన్న కథని నమ్మి పిల్లల సాధన ఆపడం ఏమిటని నేను వాదనకి దిగాను. ఆవిడ సైకిలు గంట తుడుచుకుంటూ అంతా విన్నది.

"మీకు దేవుడు లేడండి, సరే. ఆదివారాన్ని మాత్రం ఉండనివ్వండి."

దేవుడి విషయంలో నేనేమీ మారలేదు, ఆవిడా మారలేదు. కానీ ఆదివారం మీద నేను మళ్ళీ నోరెత్తలేదు. ఆవిడ దేవుడి కోసం పాటించినా ఆ విశ్రాంతి పిల్లల ఎముకలకి పనికొచ్చింది. పనికొచ్చిందా లేదా అన్నదే నా కొలబద్ద, అప్పుడూ ఇప్పుడూ.

గుంపులో కూలికి పోయేవాళ్ళ పిల్ల ఒకతె ఉండేది. ఎప్పుడడిగినా "కోడికూర టీచర్" అనేది. మసాలా నూరడం దగ్గర్నుంచి వర్ణించి చెప్పేది. మిగతావాళ్ళు కిసుక్కుమనేవాళ్ళు. "మీ ఇంట్లో కోళ్ళు ఇంకా అయిపోలేదా ఏంటే?" అని ఒక పిల్ల పొడిచింది. టీచరు నవ్వలేదు. "ముక్క మెత్తగా ఉడికిందా?" అని మాత్రం అడిగింది. ఆ వారమే కొత్త కట్టుబాటు వచ్చింది. పరుగుకి ముందు అందరూ టీచరింటికి వచ్చి, నానబెట్టిన వేరుశనగపప్పులు, బెల్లం ముక్క తిని బయల్దేరాలి. తినకపోతే పరుగు లేదు. మోతుబరుల పిల్లలు కూడా మొహం ముడుచుకుంటూ తిన్నారు. ఆ కట్టుబాటు ఎవరి కోసమో పిల్లలెవరికీ తెలియలేదు. ఒక్క ప్రశ్నతో ఆవిడ ఊపిరి కొలిచింది, కడుపు కూడా కొలిచింది.

ఇక సామ్రాజ్యం సంగతి.

సామ్రాజ్యం గుంపులో అందరికన్నా బాగా పరిగెత్తే పిల్ల. తండ్రి పెద్ద రైతు, మిరప, పత్తి వేసేవాడు. నా చర్చాసభలో ముందు వరసలో కూర్చునేవాడు. ఇంట్లో పూజలు మాన్పించాడు, తద్దినాలు మానేశాడు. కూతుర్ని రోడ్డు మీద పరుగుకి పంపిన మొదటి రైతు ఆయనే. ఆయన పంపబట్టే మిగతావాళ్ళు పంపారు. ఆయన మాన్పిస్తే గుంపు మర్నాటికే ఖాళీ అవుతుందని టీచరుకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ యేడు నందిగామలో పోటీలు పెట్టారు. అక్కడ ముందొచ్చిన ఇద్దరు బందరులో జిల్లా పోటీలకి వెళ్తారు. ఈయన సభలో అందరి ముందూ అనేశాడు: "మా పిల్ల మొదట రావాలి. రాలేదా, పరుగూ లేదు, గ్రౌండూ లేదు. మూల కూచుని చదువుకుంటది." అది కోపంతో అన్న మాట కాదు. మాటంటే మాటే అనుకునే మనిషి.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం టీచరు మా ఇంటి ముందు సైకిలు దిగింది.

"మాస్టారూ, సామ్రాజ్యం వారం రోజుల్నించి పప్పు అంటంది."

"పప్పు తింటే తప్పేంటండీ?"

"ఏ ఇంట్లోనూ రోజూ పప్పే వండరు. అందులోనూ ఆళ్ళింట్లో. ఎట్టా వండారే అంటే, మామూలుగా అంటది. అన్నిట్లోకీ పొట్టి మాట ఎతుక్కుంటంది. దానికి ఊపిరి లేదు. ఎక్కడో పోతంది ఆ ఊపిరి. ఆళ్ళ నాన్న మీ సభ మనిషే కదా, రండి పోదాం."

వెళ్ళాం. ఆయన చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. దాచాల్సిన సంగతని ఆయనకి అనిపించనే లేదు. అడగ్గానే చెప్పాడు.

"మొదట రావాలంటే చావాలి గదమ్మా. మీరేమో కూరలడుగుతా ఊరేగిస్తన్నారు. అందుకని నేనే లేపి, సైకిలెక్కి, పిల్లని ముందు ఉరికిస్తన్నా. ఆ తర్వాతే మీ దగ్గరకి పంపేది."

"రోజూనా అన్నయ్యగారూ?"

"రోజూ. ఒక్క పూట నాగా లేదు."

టీచరు వసారాలో కూర్చుంది. "మిరపచేనుకి ఎప్పుడు తడి పెడతారు?"

"అదేం ప్రశ్న? నేల ఆరాక."

"ఆరకముందే పెడితే?"

"వేరు కుళ్ళుద్ది."

మాట ఎటు పోతుందో ఆయనకి అర్థమైంది, నవ్వాడు. "ఆరుతడి పంట అంటారు, అంతేనా? పిల్ల మిరపచెట్టు కాదు టీచరుగారూ. పోలిక చెప్పి నెగ్గడం మాస్టారి సభలో చాలా చూశా. పోలిక రుజువు కాదు."

ఆ మాట ఆయనకి నేర్పింది నేనే. జవాబు ఆవిడే ఇచ్చింది.

"నిజమే, రుజువు కాదు. రేపు కూడా పిల్లని రోజూలాగే ఉరికించండి. అయ్యాక మీరూ సైకిలు మీద మా ఎంట రండి. రోడ్డు చివరిదాకా. అంతే నేనడిగేది."

ఎంత చిన్న కోరిక! ఉపన్యాసం లేదు, నింద లేదు. కళ్ళతో చూడమంది. హేతువాదమంటే నాకు తెలిసినంతవరకు ఇదే. దాన్ని నేను అంత శుభ్రంగా చూసింది ఆ వసారాలో, మెడలో శిలువ వేసుకున్న మనిషి దగ్గర.

మర్నాడు నేనూ నడిచి వెళ్ళాను. పిల్లలు బయల్దేరారు. టీచరు సైకిలు వణుకుతూ కదిలింది. వెనక ఆయన. రెండు బారలు పోయాడో లేదో ఆయన చక్రం వంకర తిరిగి కాలు నేలకి ఆనించాడు. ఎక్కాడు, మళ్ళీ ఆనించాడు. గుంపును దాటి ముందుకి పోయాడు, వెనక్కి తిప్పుకుని వచ్చాడు. పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వుకుంటున్నారు.

"ఇంత మెల్లగా తొక్కడం రావట్లేదు టీచరుగారూ."

"అదే కష్టం అన్నయ్యగారూ. మెల్లగా అలవాటవుద్ది."

కూరలు మొదలయ్యాయి. ఒకరిది బెండకాయ పులుసు, ఒకరిది చింతచిగురు పప్పు. కూలివాళ్ళ పిల్ల ఆ రోజు "పచ్చిమిరపకాయ నంజుకున్నా టీచర్" అంది, కబుర్లేమీ కల్పించకుండా. సైకిలు సామ్రాజ్యం పక్కకి చేరింది.

"రాత్రి ఏం కూరే?"

"పప్పు."

ఆయన వెనక నుంచి అరిచాడు. "పప్పేంటే? మీ అమ్మ చేపల పులుసు వండలా? నేనూ నువ్వూ ఒకే గిన్నెలోంచి వడ్డించుకోలా?"

సామ్రాజ్యం నోరు తెరిచింది. "చే..." అన్నది. ఆ పైన రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. కూలివాళ్ళ పిల్ల పక్కనే ఉత్త మెతుకుల మీద హాయిగా పరిగెడుతోంది. చేపల పులుసు తిన్న పిల్ల ఆ రెండు మాటలు అనలేకపోతోంది.

"నడవండే" అంది టీచరు.

ఆయన సైకిలు దిగాడు. స్టాండు వెయ్యడం మరిచి వదిలేస్తే అది రోడ్డు మీద పడింది. కూతురి దగ్గరకి వెళ్ళి నిలబడ్డాడు గానీ ఏం చెయ్యాలో తెలియలేదు. టీచరు వైపు తిరిగి, "ఇప్పుడేం చెయ్యమంటారు?" అన్నాడు.

"నిద్రపోనివ్వండి."

"నందిగామ దగ్గర పడింది గదండీ."

"అందుకే."

"సరే. మీ పద్ధతే. మొదట రాకపోతే మాత్రం నా మాట నాదే."

"మీ మాట మీదే అన్నయ్యగారూ."

ఆ తర్వాత ఆయన పడ్డ బాధ చూడాలి. పొలంలో ఎండలో పడి చాకిరీ చేసే మనిషికి ఊరుకోవడం చేతకాలేదు. తెల్లవారుజామున వసారాలో పచార్లు చేసేవాడట, పిల్ల నిద్రపోతున్న గది వైపు చూస్తూ. దేవుణ్ణి ఇంట్లోంచి పంపేసిన మనిషి ఆ ఖాళీ గూట్లో కష్టాన్ని పెట్టి కొలుస్తున్నాడు. మనలో చాలామంది చేసే పనే ఇది. ఒళ్ళు హింసించుకుంటే పుణ్యం వస్తుందన్న పాత నమ్మకాన్ని గుడి దగ్గర వదిలేస్తాం. బడిలో, మైదానంలో, పరీక్షల గదిలో మళ్ళీ ఎత్తుకుంటాం. నిప్పుల మీద నడిచేవాణ్ణి చూసి నవ్వుతాం, వాంతి చేసుకునే పిల్లని చూసి మురుస్తాం. కష్టపడితే ఫలితం ఉంటుందన్నది సగం నిజం. ఆ సగాన్నే మొత్తంగా నమ్మితే అది మూఢనమ్మకమే.

నందిగామ పోటీలు ఒక శనివారం జరిగాయి. నా సభ మానుకుని నేనూ వెళ్ళాను. సున్నం గీతల పక్కన ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. టీచరు ఆయనకి దూరంగా, మిగతా పిల్లలతో. ఆవిడ అరవలేదు, చెయ్యి ఊపలేదు. మొదట్లో సామ్రాజ్యం చివరి వరసలో ఉంది. నడుమ నుంచి ఒక్కొక్కరే వెనకబడుతుంటే తను మాత్రం మొదలుపెట్టిన అడుగుతోనే ముందుకి వచ్చింది. ఆఖరి చుట్టులో ధనంబోడు ఎక్కినట్టు ఉరికింది. నేను నా వయసూ నా వృత్తీ మరిచి కేకలు పెట్టాను.

కంచికచర్ల పిల్ల ఒకతె అప్పటికే చాలా ముందుంది. తనే మొదట వచ్చింది. సామ్రాజ్యం రెండోది.

మా పిల్లలెవరూ చప్పట్లు కొట్టలేదు. అందరి కళ్ళూ ఆయన మీదే. బందరుకి అర్హత వచ్చింది, నిజమే. కానీ ఆయన మాట మొదటి స్థానం మీద. ఆయన గీత దాటి మైదానంలోకి నడిచాడు. కూతురు తల దించుకుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఉంది. తండ్రి కాళ్ళు చూసి నిటారుగా నిలబడింది.

ఆయన అడిగాడు.

"రాత్రి ఏం కూరే?"

సామ్రాజ్యం ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత మొదలుపెట్టింది. "వంకాయ నాన్నా. లేత కాయలు. అమ్మ గుత్తులుగా కోసి, నువ్వులు, కొబ్బరి నూరి కూరింది. ఉప్పు కాస్త ఎక్కువైంది, నువ్వు పెరుగు కలుపుకున్నావు. నేనేమో ఇంకోటి ఏసుకున్నా, రేపటికి ఉంచమని అమ్మ తిట్టింది..." చెబుతూనే ఉంది. ఒక్కచోట కూడా ఊపిరి తెగలేదు. ఆయన అంతా విన్నాడు. తల ఊపుతూ, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు విన్నాడు. చివరికి టీచరు వైపు తిరిగాడు.

"బందరుకి పోవాలి గదా. రేపు పొద్దున్నే లేపనా టీచరుగారూ?"

"రేపు ఆదివారం అన్నయ్యగారూ."

ఆయన అటూ ఇటూ చూసి, నా కళ్ళలోకి చూసి, పగలబడి నవ్వాడు. ఎన్నో సభలు నడిపాను, ఎందరితోనో వాదించాను. పదిమంది ముందు అన్న మాటని పదిమంది ముందే వదిలేసి అంత తేలిగ్గా నవ్విన మనిషిని ఆ ఒక్కసారే చూశాను. ఆ పని చేయించిన మనిషి అప్పటికే పిల్లలకి బెల్లం ముక్కలు పంచడంలో పడిపోయింది.

మొన్న బస్సు దిగిన మర్నాడు ఆవిణ్ణి తీసుకెళ్తుంటే వెనక నడిచాను. ప్రార్థనలప్పుడు దూరంగా నిలబడ్డాను, నా అలవాటు కొద్దీ. నా ముందు ఆ పాత గుంపు నడుస్తోంది. అమ్మమ్మలయ్యారు, కొందరు లావెక్కారు, ఒకరిద్దరు ఉద్యోగాలు చేసి రిటైరయ్యారు. సామ్రాజ్యం వత్సవాయి నుంచి వచ్చింది. చర్చి నుంచి సమాధుల తోటకి పోయే దారి సగంలో ఎవరో మెల్లగా అన్నారు.

"రాత్రి ఏం కూరే?"

ఒకరిద్దరు నోరు తెరిచారు, మాట పెగల్లేదు. ఆవిడ ఉంటే "నడవండే" అనేది. వాళ్ళు నడుస్తూనే ఉన్నారు.

ఇక మీ సంగతి. మీ పిల్లలు సాధన చేసే మైదానానికి రేపు పొద్దున వెళ్ళండి. గోడ పక్కన నిలబడి మురవకండి, లోపలికి నడవండి. తేలిక పరుగన్న రోజున మీ పిల్ల పక్కన చేరి, రాత్రి ఏం కూర తిన్నావని అడగండి. మీరు కలిసే తిన్నా సరే, అడగండి. ఎలా వండారో చివరిదాకా చెప్పించండి. ఊపిరి తెగితే ఈల ఎవరి చేతిలో ఉన్నా సరే, పరుగు ఆపించి పిల్లని నడిపించండి. ఆ మర్నాడు ఆదివారమైతే నిద్ర లేపకండి.